సూర్యలంకలో నేను వేసిన కేక

తెనాలి

వేసవి సెలవులకి ఎక్కడికని మా స్టాఫ్‌రూమ్‌లో మాట వచ్చినప్పుడు ఒకరు ఊటీ అన్నారు, ఒకరు అరకు అన్నారు. నేను సూర్యలంక అన్నాను. "అదేంటండీ, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసే చోటు కదా," అని తెలుగు మేడమ్ నవ్వింది. హోటల్లో దిగం, పిల్లలతో గుడారం వేసుకుని ఉంటాం, అక్కణ్ణుంచి రేపల్లె వెళ్ళి కృష్ణ ఒడ్డున ఇంకో రాత్రి ఉండి వస్తాం అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం గొప్పగానే చెప్పాను. ఫోటోలు పెట్టమని అందరూ అడిగారు.

గుడారం కోరిక మా హారికది. ఈ ఏడే నాలుగో తరగతి పూర్తిచేసింది. ఎవరో పిల్లలు కొండల మధ్య గుడారంలో పడుకునే వీడియో చూసి, మనమెప్పుడు అని ప్రాణం తీసింది. మావారు రవి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించి హాల్లోనే వేసి చూశారు. వారం రోజులు హారిక, దాని తమ్ముడు చిన్నూ ఫ్యాను కింద ఆ గుడారంలోనే పడుకున్నారు. చిన్నూకి ఐదేళ్ళు. ఇల్లు వదిలి రావడానికి వాడికి పెద్దగా ఇష్టం లేదు. హాల్లో గుడారమే బాగుందన్నాడు.

కారు డిక్కీ నిండా సామాను సర్దుకుని, చిన్న గ్యాసు పొయ్యి, ఆవకాయ సీసాతో సహా బయలుదేరి, ఊరు దాటకముందే టిఫిన్‌కి ఆగాం. ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. మాకు తెలిసిన హోటలే. వడ్డించే ఆయన ఎక్కడికని అడిగితే చిన్నూ చెప్పాడు, డేరాలో పడుకోడానికి అని. ఆయన నావైపు, మావారివైపు చూసి గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమన్నా ఇబ్బందాండీ?" అన్నాడు. పొన్నూరు దాటేదాకా ఆ మాటకి నవ్వుకుంటూనే ఉన్నాం.

బాపట్ల

బాపట్లలో ముంజల కోసం ఆగాం. తెనాలిలో ముంజలు వలిచి కవర్లో పోసి అమ్ముతారు. ఎప్పుడు కోసినవో మనకి తెలియదు. ఇక్కడ రోడ్డు పక్కన గెలలు పోసుకుని కూర్చున్న ఒకావిడ మన కళ్ళ ముందే కాయ కొట్టి, తాటాకు ముక్కలో పెట్టి ఇచ్చింది. ధర కూడా మా ఊళ్ళోకంటే తక్కువే. నాకంటే పదేళ్ళు పెద్దది అయినా నన్ను అక్కా అనే పిలిచింది. చిన్నూ మొహం నిండా ముంజ నీళ్ళు పూసుకుంటే తన కొంగుతోనే తుడిచింది. నాకు అది ముచ్చటగా అనిపించింది. ముక్కూ మొహం తెలియని మనిషి నా బిడ్డని ముట్టుకుంటే ముచ్చటగా అనిపించింది అని ఇక్కడ రాసుకోవాలి. ఎందుకంటే అదే రోజు సాయంత్రం నేను వేరే మనిషిని.

సూర్యలంక

ఇసుకలో గుడారం వేద్దామనుకున్నాం. చీకటి పడ్డాక పోలీసులు అక్కడ ఎవర్నీ ఉండనివ్వరని చెప్పి, కోటయ్యగారనే పెద్దాయన తన సరుగుడు తోటలో వేసుకోమన్నాడు. అద్దె వద్దన్నాడు. ఒక్కటే షరతు, పొయ్యి వెలిగించకూడదు. కింద అంతా ఎండిన సరుగుడు ఆకు, నిప్పురవ్వ పడితే తోట ఉండదు. పాములు ఉంటాయా అని అడిగాను. "ఉంటే వాటి దారిన అవి పోతాయిలేమ్మా," అన్నాడు. తెచ్చిన పొయ్యి డిక్కీలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఒడ్డున ఒక హోటల్ పాకలో వేయించి పెట్టిన చందువా చేప తిన్నాం. కారం ఎక్కువై హారిక కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకో ముక్క అడిగింది.

ఆదివారం కావడంతో సాయంత్రానికి జనం పోటెత్తారు. రేపల్లె, చీరాల, గుంటూరు నుంచి ఆటోలు, వ్యాన్లు. మావారు హారికని తీసుకుని నీళ్ళలోకి దిగారు. నేను చిన్నూని పక్కన కూర్చోబెట్టుకుని ఒడ్డున ఉన్నాను. సరుగుడు చెట్ల మధ్య మా గుడారం ఫోటో అప్పుడే తీసి ఉన్నాను. దాన్ని స్టాఫ్‌రూమ్ గ్రూపులో పెట్టాను. అరకు వెళ్ళినావిడ ఏదో రాసింది, దానికి జవాబు రాశాను. తెలుగు మేడమ్ ఇంకేదో అడిగింది, దానికీ రాశాను. తలెత్తేసరికి చిన్నూ లేడు.

ముందు పిలిచాను. తర్వాత పరిగెత్తాను. అన్ని తలల్లో ఆ చిన్న తల ఎక్కడని వెతకను. నీళ్ళవైపు చూడటానికి ధైర్యం చాలలేదు. వెనక్కి తిరిగి బళ్ళు ఆపే చోటికి పరిగెత్తాను. అక్కడ కనబడ్డాడు. నల్ల బురఖా వేసుకున్న ఒకావిడ వాడి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ, ఆటోలు నిలిపిన వైపు వెళ్తోంది. వాడి రెండో చేతిలో కాల్చిన మొక్కజొన్న కండె ఉంది.

"నా పిల్లాణ్ణి ఎత్తుకుపోతోంది, పట్టుకోండి," అని కేక పెట్టాను.

ఆ తర్వాత నేను చెయ్యడానికి ఏమీ లేకపోయింది. అంతా జనమే చేశారు. ఎవరో ఆమె భుజం పట్టుకుని లాగారు. ఒకామె చెంప మీద కొట్టింది. ఆమె చేతిసంచీ లాగి బోర్లించారు. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, కాగితంలో కట్టుకున్న గవ్వలు ఇసుకలో పడ్డాయి. కళ్ళజోడు ఎవరి కాలికిందో నలిగింది. ఆమె "పోలీసుల దగ్గరికే తీసుకెళ్తున్నానండి, అడగండి బాబుని," అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. నేను విన్నాను. విని కూడా, చిన్నూని ఎత్తుకుని వెనక్కి జరిగాను.

ఆటోల అవతలే పోలీసుల డేరా ఉంది. అక్కణ్ణుంచి కానిస్టేబుల్ వచ్చి అందర్నీ తోసి చిన్నూనే అడిగాడు. వాడు వెక్కుతూ చెప్పాడు. మన గుడారం చూసొద్దామని వెళ్ళి దారి మర్చిపోయాడు. ఏడుస్తుంటే ఆంటీ మొక్కజొన్న కొనిపెట్టింది. మైకులో అమ్మని పిలిపిద్దాం అంది.

కొట్టినామె జనంలోకి జారుకుంది. ఇంతలో బురఖా ఆవిడతో వచ్చిన ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో బొట్టు పెట్టుకున్న ఒక లావుపాటావిడ నా మీదికి వచ్చింది. "ఎవరనుకున్నావమ్మా షమీమ్‌ని? రేపల్లె స్టేషను దగ్గర ఎవర్నన్నా అడుగు. మా వీధిలో పిల్లల బట్టలన్నీ కుట్టిచ్చేది ఇదే. నీ బిడ్డని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటుంది?"

షమీమ్ అసలు పేరు కాదు. నేను మార్చాను.

నాకు ఏడుపు ఆగలేదు. ఎవరో నాకు నీళ్ళు తెచ్చిచ్చారు. ఇంకెవరో కుర్చీ వేసి కూర్చోబెట్టి, పోనీలే అమ్మా, బాబు దొరికాడు అని వీపు నిమిరారు. అందరూ నన్నే ఓదార్చారు. ఆమె నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకలో గవ్వలు ఏరుకుంటోంది. మావారు పరిగెత్తుకొచ్చి సంగతి తెలుసుకుని, కళ్ళజోడుకి అంటూ జేబులోంచి నోట్లు తీశారు. ఆమె ఆ నోట్లని చూసింది, లేచి సంచీ దులుపుకుంది, వెళ్ళిపోయింది. క్షమించమనే మాట నా నోటివెంట రాలేదు. అప్పటికి ఆమె మొహం కూడా నేను సరిగ్గా చూడలేదు.

దీపాలు పెట్టే వేళకి గుడారంలో చేరాం. అందరం ఒకరినొకరం ఆనుకుని కూర్చున్నాం. సముద్రం హోరు వినిపిస్తోంది, గాలి బాగుంది, పిల్లలు కోరుకున్నదంతా ఉంది. చిన్నూ నా ఒళ్ళో పడుకుని, "అమ్మా, ఆంటీ చెయ్యి పట్టుకోకూడదా?" అన్నాడు. నేను వాడి మీద దుప్పటి కప్పాను. "నేను పట్టుకున్నందుకే కదా ఆంటీని కొట్టారు," అన్నాడు.

ఆ మాటకి మావారు గుడారం జిప్పు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

కర్లపాలెం

పొద్దున్నే గుడారం మడిచేశాం. నది ఒడ్డున ఉండే సంగతి తర్వాత చూద్దాం, ముందు రేపల్లె వెళ్ళి ఆమెను కలుద్దాం అన్నాను. మావారు వెంటనే సరేనన్నారు. కోటయ్యగారు దారికి నాలుగు మామిడిపళ్ళు ఇచ్చి, మళ్ళీ రమ్మన్నాడు. ఆయనకి ఏ సంగతీ తెలియదు.

కర్లపాలెం దగ్గర టీకి ఆగాం. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే చక్రాలు చిమ్మే నీళ్ళు. తెల్లటి నురగ చూసి పిల్లలు మొదటిసారి కాస్త నవ్వారు. టీ కొట్టావిడ వేడివేడి పునుగులు వేస్తోంది. మాకు తెనాలిలో పునుగుల్లోకి పల్లీ పచ్చడి, ఇక్కడ ఎర్ర కారప్పొడి చల్లి ఇస్తారు. ఆవిడ పిల్లల్ని చూసి, "ఎక్కణ్ణుంచమ్మా?" అంది. సూర్యలంక అన్నాం.

"అయ్యో, జాగ్రత్తమ్మా. నిన్న అక్కడ పిల్లల్ని ఎత్తుకుపోయేది ఒకతి దొరికిందంట. పొద్దుణ్ణుంచి అందరి ఫోన్లలో అదే," అని చెయ్యి తుడుచుకుని ఫోను తీసి చూపించింది.

వీడియోలో మనుషుల వీపులే ఎక్కువ. మధ్యలో నల్ల బురఖా ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. ఆమె మొహం గానీ నా మొహం గానీ ఎక్కడా కనబడలేదు. కానీ మొదట్లో, బొమ్మ ఇంకా కదలకముందే, ఒక కేక స్పష్టంగా వినిపించింది.

అది అబద్ధమండి, ఆవిడ అలాంటిది కాదంట అని మాత్రం అనగలిగాను. కాదంట అన్నాను, ఎవరో చెబితే విన్నట్టు.

చిన్నూ బెంచీ మీంచి దిగి వచ్చి ఫోనులోకి చూశాడు. "అమ్మా, అది నువ్వే కదా అరిచింది," అన్నాడు.

టీ కొట్టావిడ వాణ్ణి చూసింది, నన్ను చూసింది. ఫోను బొడ్లో పెట్టుకుంది. "తల్లి ప్రాణం కదమ్మా, అలాగే అరుస్తాం," అంది. మంచి మనసుతోనే అంది. కానీ నాకు ఆ ఓదార్పు వద్దనిపించింది. ఆ వీడియో తీసేసి, అందరికీ అసలు సంగతి చెప్పమని అడిగాను. "నేను తీసేస్తాలేమ్మా. ఊరందరి ఫోన్లలోంచి ఎవరు తీస్తారు?" అంది.

కారులో కూర్చున్నాక హారిక అడిగింది. "ఆంటీ మామూలు చీర కట్టుకుని ఉంటే అరిచేదానివా అమ్మా?"

అరిచేదాన్నే అని చెప్పాలనుకున్నాను. బాపట్లలో కొంగుతో చిన్నూ మొహం తుడిచినావిడ గుర్తొచ్చింది. వాడి చెయ్యి పట్టుకున్నది ఆవిడే అయి ఉంటే ఏమనేదాన్ని? ఏమండీ, ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని అడిగేదాన్నేమో. నాకు తెలియదు. అదే చెప్పాను హారికతో, తెలియదని. అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రేపల్లె

రేపల్లె చేరాక దారి అడిగినచోటల్లా బాగా చెప్పారు. రైలు ఇక్కడితో ఆగిపోతుంది కాబట్టి స్టేషను దగ్గర తెనాలిలోలాగా పరుగులు ఉండవు. దిగినవాళ్ళు తీరిగ్గా నడుస్తారు, బస్సులవాళ్ళు పల్లెల పేర్లు పిలుస్తుంటారు. బియ్యం మిల్లుల్లోంచి తవుడు వాసన వస్తోంది. జ్యూసు కొట్టాయన వీధి చివరిదాకా వచ్చి షమీమ్ ఇల్లు చూపించి వెళ్ళాడు. పళ్ళు కొన్నాం, మిఠాయి కొన్నాం. ఏమనాలో దారి పొడుగునా మనసులో అనుకుంటూనే వచ్చాను.

తలుపు తీసినావిడ నీలం రంగు నూలుచీరలో ఉంది, మెడలో టేపు. పెట్టుకున్న కళ్ళజోడు పాతది, ఒక పక్క కాడకి దారం చుట్టి ఉంది. ఎవరో అనుకున్నాను. ఆమే నన్ను ముందు గుర్తుపట్టింది.

నేను నోరు తెరిచేలోపే గట్టిగా, "రండి రండి," అంది. లోపలికి తిరిగి, "అత్తమ్మా, నిన్న బీచిలో పరిచయమయ్యారు, తెనాలి వాళ్ళు. వీళ్ళే," అంది. ఆమె అత్తగారు చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి, రండమ్మా, కూర్చోండి అని జరిగింది. షమీమ్ నా చేతికి మంచినీళ్ళు ఇస్తూ, నాకు మాత్రమే వినబడేలా అంది, "ఇంట్లో చెప్పలేదండి. చెబితే ఇంకెక్కడికీ పంపరు."

మనసులో పేర్చుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. క్షమించమని అడిగి బరువు దించుకోవడానికి వచ్చాను. ఆ బరువు ఆమె ఇంట్లో దించడానికి వచ్చానని అప్పుడు తెలిసింది.

మమ్మల్ని చుట్టాల్లా చూశారు. సేమ్యా పాయసం కాచి జీడిపప్పు వేసి ఇచ్చారు. మా ఇంట్లో వచ్చినవాళ్ళకి ముందు మర్యాదగా కుర్చీ చూపిస్తాం. అక్కడ చాప మీదే కాస్త చోటిచ్చి, పెద్దావిడ హారిక జడ చేతిలోకి తీసుకుని వదులైందని మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. షమీమ్ మిషను దగ్గర కూర్చుని గుడ్డని కళ్ళకి దగ్గరగా పట్టుకుని కుట్లు విప్పుతోంది.

"చూడమ్మా దీన్ని," అంది పెద్దావిడ. "నీళ్ళలోకి దిగొద్దే అంటే దిగిందంట. అల వచ్చి కళ్ళజోడు లాక్కుపోయిందంట. కళ్ళే దీనికి జీవనం, ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా?"

హారిక తల తిప్పి నన్ను చూసింది.

"పెద్ద అలే వచ్చిందండి," అన్నాను.

మావారు పాయసం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నారు. పెద్దావిడ జడ అల్లుతూనే మళ్ళీ అడిగింది. "నిన్న అక్కడ పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని పట్టుకున్నారంట కదా. పక్కింటి కుర్రాడి ఫోనులో చూశాను. మా వాళ్ళలాగే బురఖా వేసుకుంది, సిగ్గులేనిది. దాని వల్ల మా అందరికీ చెడ్డపేరు. మీరు చూశారా?"

మిషను దగ్గర కత్తెర చప్పుడు ఆగింది.

ఈసారి అంట అనలేదు. "చూశానండి. ఆవిడ ఎత్తుకుపోలేదు. తప్పిపోయిన పిల్లాడు ఏడుస్తుంటే పోలీసుల దగ్గరికి తీసుకెళ్తోంది. వాడి తల్లి ఫోను చూసుకుంటూ పిల్లాణ్ణి వదిలేసింది. ఆ తప్పు కప్పుకోవడానికి ఆవిడ మీద పెట్టింది. ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు."

"అల్లా," అంది పెద్దావిడ. కాసేపు జడ అల్లడం మానేసింది. "మరి ఆ తల్లి ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమని అడిగిందా?"

"లేదండి," అన్నాను. "అడగలేకపోయింది."

"అడగాలి కదమ్మా," అందావిడ. కోపంగా కాదు, పిల్లలకి చెప్పినట్టు.

"అడగాలండి."

షమీమ్ మావైపు చూడలేదు. కత్తెర చప్పుడు మళ్ళీ మొదలైంది. చిన్నూ ఏదో అనబోతే మావారు వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నారు.

కారు దాకా షమీమ్ మాతో వచ్చింది. కొత్త కళ్ళజోడు చేయించి ఇస్తామని మావారు అన్నారు. "వద్దండి. మా ఆయన చేయిస్తారు. మీరు చేయిస్తే ఎందుకని అడుగుతారు," అంది. అప్పుడు నేను ఆమె చేతులు పట్టుకోబోయాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "లోపల చెప్పారు కదండీ. విన్నాను. చాలు."

మళ్ళీ తనే అంది. "దెబ్బ మర్చిపోతానండి. ఇంకోసారి ఎవరి బిడ్డన్నా ఏడుస్తూ కనబడితే ఆగుతానో లేదో, అది తెలియట్లేదు. రాత్రి నుంచి అదే అనుకుంటున్నాను. ఆగను అనే అనిపిస్తోంది. అలా అనిపించడమే నాకు బాగాలేదు."

ఇంటికి వచ్చాక స్టాఫ్‌రూమ్ గ్రూపులో జరిగినదంతా రాశాను. కొందరు కళ్ళనీళ్ళ బొమ్మలు పెట్టారు, తెలుగు మేడమ్ ఫోను చేసి నీ తప్పేముంది అంది. నాలుగు రోజుల తర్వాత మా పక్కింటావిడ ఆ వీడియో నాకే పంపింది, పిల్లలు జాగ్రత్త అని.

ఆ రోజు నది ఒడ్డుకి వెళ్ళలేదు. పిల్లలు కూడా అడగలేదు. కారు ఎక్కబోతూ చిన్నూ వెనక్కి వెళ్ళి షమీమ్ ముందు నిలబడ్డాడు. నేను చెప్పమనలేదు, వాడే చెయ్యి చాపాడు. ఆమె వెంటనే అందుకోలేదు. ముందు వీధికి ఆ చివర చూసింది. తర్వాత ఈ చివర చూసింది. ఎవరూ లేరని నిశ్చయం చేసుకున్నాకే వాడి చెయ్యి పట్టుకుంది.